రూపాయిన్నర వడ్డీకి జర్మనీ చదువు

మా కోనసీమలో జర్మనీ అనగానే "అక్కడ ఫీజు లేదంట కదండీ" అంటారు. చాలావరకు నిజమే, ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కి కట్టేది చిన్న మొత్తమే. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, ప్రైవేటు కాలేజీలైతే ఇక చెప్పక్కర్లేదు, కన్సల్టెన్సీలో మీకు వాటి పేర్లే ముందు చెప్తున్నారంటే ఎందుకో కొంచెం ఆలోచించండి.

మా ఇంట్లో టెన్షన్ పెట్టింది ఫీజు కాదు, బ్లాక్డ్ అకౌంట్, అంటే అక్కడ ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే వేసి ఉంచాల్సిన ఖాతా. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. యూరో వంద రూపాయలే అనుకున్నా దాదాపు 12 లక్షలు, వీసాకి ముందే వేసి చూపించాలి. అది ఎవరికో కట్టే డబ్బు కాదు, అక్కడికెళ్లాక నెలకి 992 చొప్పున మనకే వదులుతారు. కానీ దాళ్వా ధాన్యం డబ్బు మిల్లు నుంచి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో, కొబ్బరి దింపు డబ్బు వచ్చింది వచ్చినట్టే కూలీలకీ ఎరువులకీ పోయే ఇంట్లో, అంత మొత్తం ఒక్కసారే ఎక్కడ నుంచి తెస్తారు?

పొలం ఉంది కదా అంటారు. మామూలుగా 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకు హామీ అడుగుతుంది, ఎకరాల కొబ్బరి తోట చూపించినా చాలా బ్యాంకులు వద్దంటాయి. అప్పు తీరకపోతే ఆస్తి స్వాధీనం చేసుకోడానికి బ్యాంకులు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకని. వాళ్లకి కావాల్సింది ఇల్లో, స్థలమో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో. గ్రామకంఠంలో ఇల్లైతే కాగితాల దగ్గర ఇంకో పేచీ. దాంతో జనం విసిగిపోయి ఊళ్లోనే ప్రామిసరీ నోటు రాసేస్తారు, రూపాయిన్నర వడ్డీ అంటే చెవికి చిన్నగానే వినిపిస్తుంది మరి. ఏడాదికి 18 శాతం అది. పది లక్షలకి నెలకి 15 వేలు, రెండేళ్ల మాస్టర్స్ అయ్యేసరికి వడ్డీయే 3 లక్షల 60 వేలు. అదే బ్యాంకులో 11 శాతానికి దొరికితే 2 లక్షల 20 వేలు, పైగా చదువు అయ్యేదాకా వాయిదాలు మొదలవ్వవు. బ్యాంకు మేనేజర్ ముందు నాలుగుసార్లు కూర్చోడం నామోషీ అనుకునే మావయ్యలకి నేను చెప్పేది ఒక్కటే, టౌన్‌లో స్థలం ఉన్న పెదనాన్నని హామీకి అడగడంలో కూడా నామోషీ ఏమీ లేదు.

ఇంకోటి, టీసీఎస్, అంటే విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటి పంపిన సొమ్ము మీదే అది పట్టుకుంటారు, బ్యాంకు విద్యా రుణం డబ్బైతే అసలు లేదు. చేబదులు తెచ్చి పంపితే మాత్రం ఆ మినహాయింపు రాదు. వ్యవసాయ ఆదాయమే కదా అని ఎప్పుడూ రిటర్ను వేయని నాన్నలు, పట్టుకున్నది వెనక్కి రావాలంటే వేయాల్సిందే.

ఇక్కడ జర్మనీలో ఖర్చుల్లో అద్దె తర్వాత పెద్దది హెల్త్ ఇన్సూరెన్స్, నెలకి 140 యూరోల పైనే. టీవీ లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోల రేడియో ఫీజు కట్టాలి, అది ఇంటికొక్కటే, మనిషికి కాదు, కాబట్టి ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు పంచుకోవచ్చు. పార్ట్‌టైమ్ ఏడాదికి 140 పూర్తి రోజులు చేసుకోవచ్చు, కానీ జర్మన్ రాకపోతే దొరికే పనులు తక్కువ, ఆ జీతం లెక్కేసుకుని అప్పు చేయకండి. ఆవకాయ మోసుకురండి, పర్లేదు. దాంతోపాటు మొదటి నెలకి, ఇంటి అడ్వాన్సుకి సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి. అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, ఇక్కడ బ్యాంకు ఖాతా తెరిస్తే గాని ఆ మొదటి 992 చేతికి రావు.