జింబోచో అరల నుంచి యుమెనోషిమా పడవ దాకా

టోక్యోలో పాత కామిక్స్ ఎక్కడ దొరుకుతాయని అడిగితే ఎక్కువమంది అకిహబారా పేరే చెబుతారు. అక్కడ కళ్ళు చెదిరేది కొత్త సరుకు. 1940లు, 50ల నాటి కాగితం చేత్తో పట్టుకుని చూడాలన్నా, మొదటి గాడ్జిల్లా సినిమా ఎలాంటి రోజుల్లో పుట్టిందో తెలియాలన్నా పోవాల్సిన దారి వేరు. మేం తిరిగింది ఆ దారినే.

బస నిషి-కసాయ్‌లో. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. అంతకన్నా పెద్ద లాభం తోజాయ్ మెట్రో లైను. అది రైలు మారే పని లేకుండా, పాత కామిక్స్ షాపులున్న నకానోకి తీసుకెళ్తుంది. దారిలో కుదన్‌షితాలో దిగితే పాత పుస్తకాల పేట జింబోచో పది నిమిషాల నడక.

జింబోచోలో యసుకుని వీధికి దక్షిణం పక్కనే పాత పుస్తకాల షాపులు వరసగా ఉంటాయి. అన్నీ ఉత్తరాన్ని చూస్తుంటాయి. ఎండ పడితే కాగితం పసుపెక్కుతుందని, అట్ట రంగు వెలిసిపోతుందని ఆ ఏర్పాటు. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు కాబట్టి శనివారమో, మామూలు పనిరోజో చూసుకోవాలి. సినిమా సరుకు కావాలంటే యగుచి షోతెన్. 1918లో పెట్టిన షాపు, సినిమా, నాటకాల పుస్తకాలకి పేరు. పక్కగోడ పొడవునా బయటే అరలున్నాయి. చవకవి వాటిలోనే ఉంటాయి, ముందు అక్కడ మొదలుపెట్టడం మంచిది.

జపనీస్ చదవడం రాకపోయినా పుస్తకం వయసు కట్టొచ్చు. ముద్రణ వివరాలు చివరి పేజీలో ఉంటాయి. వాళ్ళ పుస్తకం కుడి నుంచి ఎడమకి నడుస్తుంది కనక, మన అలవాటులో ముందు అట్ట అనుకున్నది తెరిస్తే ఆ పేజీయే వస్తుంది. అక్కడ సంవత్సరం షోవా లెక్కలో (అప్పటి చక్రవర్తి పాలన మొదలు లెక్కపెట్టే ఏళ్ళు), తరచు నిలువుగా వేసి ఉంటుంది. షోవా అంకెకి 25 కలిపితే మనకి తెలిసిన సంవత్సరం. షోవా 29 అంటే 1954. అంకెలు గుర్తుపట్టడం కూడా కష్టం కాదు: ఒకటి, రెండు, మూడు అడ్డగీతలే 1, 2, 3. పది మన కూడిక గుర్తు. రెండు గీతలు, వాటి కింద కూడిక గుర్తు, దాని కింద ఇంకో అంకె కనిపిస్తే అది ఇరవై చిల్లర, అంటే 1946-54 మధ్యది. మనకి కావాల్సిన కాలం సరిగ్గా అదే.

నకళ్ళతోనే తంటా. పేరున్న పాత కామిక్స్‌కి అచ్చం అలాగే ఉండే పునర్ముద్రణలు చాలా వచ్చాయి. మోసం చేయడానికి వేసినవి కావు. కానీ వాటి పెట్టె పోయి పుస్తకం ఒక్కటే అరలోకి చేరితే పోల్చుకోవడం కష్టం. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు సంఖ్య) ఉంటే పక్కన పెట్టేయొచ్చు, జపాన్‌లో అది 1981లో మొదలైంది. ధర పక్కన పన్ను కలిపిన ధర, అసలు ధర అని రెండు అంకెలుంటే 1989 తరవాతిది, వినియోగ పన్ను అప్పుడే వచ్చింది. ఇవేవీ లేకపోతే కాగితం అంచు చూడాలి. యుద్ధం తరవాత దొరికింది నాసిరకం గరుకు కాగితం. అందులోని ఆమ్లం వల్ల పేజీ అంచుల నుంచి లోపలికి గోధుమరంగు పాకుతుంది, మధ్యలో కాస్త తెల్లగా మిగులుతుంది. పేజీ మొత్తం ఒకే ఛాయలో పాతగా కనిపిస్తే అది అచ్చులో వేసిన పాతదనం అయ్యుండొచ్చు.

పోస్టర్లకి పదింతలు చూపే చిన్న భూతద్దం చాలు. మామూలు జపాన్ సినిమా పోస్టరు బీ2 సైజు, 51.5 × 72.8 సెంటీమీటర్లు. బొమ్మలో చుక్కలు కనిపించడం సహజమే. చూడాల్సింది కింద ఉండే సన్నటి అక్షరాలని. అసలు పోస్టరులో అవి నిండు సిరాతో, అంచు తెగకుండా ఉంటాయి. పోస్టరుని ఫొటో తీసి మళ్ళీ అచ్చేస్తే అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. మడత గీత మీద వేలు రాస్తే గాడి తగలాలి. కంటికి మడత కనిపించి వేలికి ఏమీ తగలకపోతే మడత కూడా అచ్చే. అంత డబ్బు పెట్టలేనివాళ్ళకి చిరాషీలున్నాయి. సినిమా హాళ్ళలో ఉచితంగా పంచిన బీ5 కరపత్రాలవి. 1970ల తరవాతి సైన్స్ ఫిక్షన్ సినిమాలవి బోలెడు దొరుకుతాయి. నా మటుకు పోస్టర్లకన్నా ఇవే ముద్దు, ఫైల్లో పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు తిరగేయొచ్చు.

నకానో స్టేషన్ ఉత్తర ద్వారం నుంచి బయటికొస్తే సన్ మాల్ అనే పైకప్పున్న బజారు. దాని చివర నకానో బ్రాడ్‌వే, 1966లో కట్టిన భవనం. కింద నుంచి ఎక్కే ఎస్కలేటరు రెండో అంతస్తులో ఆగదు, నేరుగా మూడులో దింపుతుంది. రెండులో షాపులు చూడాలంటే మెట్లే. పాత కామిక్స్ అమ్మే మందారకే ఇక్కడే 1980లో రెండు త్సుబోల గదిలో, అంటే ఆరున్నర చదరపు మీటర్ల చోటులో మొదలైంది. ఇప్పుడు అంతస్తు అంతస్తుకీ దాని కొట్లు ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండుకి గానీ తీయరు. బుధవారం భవనంలో చాలా షాపులకి సెలవు. లోపల ఫొటోలు తీయనివ్వని చోట్లే ఎక్కువ. అద్దాల బీరువాలోది చూడాలంటే సిబ్బందిని పిలవాలి, మనంతట మనం పేజీలు తిప్పకూడదు.

పెద్ద పేర్లకన్నా కషిహోన్‌లు చూడమంటాను. అద్దెకివ్వడం కోసమే అచ్చేసిన కామిక్స్ ఇవి. మన ఊళ్ళలో అద్దె పుస్తకాల షాపుల్లో డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని చదివినవాళ్ళు ఈ అట్టలని చూడగానే గుర్తుపడతారు. నేను చూసినదానికి వెన్ను పక్కన బొక్కలు పొడిచి దారంతో బిగించారు, లోపల షాపు ముద్ర, పేజీ మూలలు వేళ్ళ జిడ్డుతో నల్లబడి మెత్తబడ్డాయి. ఆ కుట్టు వల్ల పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. బలవంతంగా తెరిస్తే లోపలి అంచు దగ్గర కాగితం విరిగిపోతుంది, సగం తెరిచి పక్కనుంచి తొంగిచూసి చదువుకోవాల్సిందే. 1959 మార్చి 17న రెండు కామిక్స్ వారపత్రికలు, షోనెన్ మ్యాగజైన్, షోనెన్ సండే, ఒకేరోజు మొదలయ్యాక ఈ అద్దె వ్యాపారం క్రమంగా పడిపోయింది.

పన్ను లేకుండా కొనాలంటే ఒకే షాపులో 5,000 యెన్లకి తక్కువ కాకుండా కొని, పాస్‌పోర్టు చూపించాలి. 2026 నవంబరు నుంచి పద్ధతి మారుతోంది: ముందు పన్ను కట్టి, దేశం దాటేటప్పుడు వెనక్కి తీసుకోవాలి.

తోకివసో మ్యూజియం చిన్నది. పేరున్న కామిక్స్ చిత్రకారుడు తెజుక ఒసాము, ఆయన తరవాత వచ్చిన కుర్ర చిత్రకారులు అద్దెకున్న చెక్క మేడ 1982లో కూల్చేశారు, 2020లో దాని నమూనా కట్టారు. సోమవారం సెలవు. ఒక్కో గది నాలుగున్నర జపాన్ చాపలు (తతామి) పట్టేంత, ఏడు చదరపు మీటర్లకి కాస్త ఎక్కువ. వంటగది, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి. తెజుక 1947లో, మన చందమామ మొదలైన ఏడాదే, తొలి పెద్ద కామిక్‌తో పేరు తెచ్చుకున్నాడు. 1949లో 'మెట్రోపొలిస్' గీసేనాటికి అదే పేరున్న జర్మన్ సినిమా ఆయన చూడలేదు. పత్రికలో ఆ సినిమాలోని రోబో ఫొటో ఒకటి చూశాడంతే. చూసి గీయడానికి ఏదీ దొరక్కపోతే ఊహ ఎంత దూరం పోతుందో ఆ ఇరుకు గదిలో నిలబడితే బాగా తెలుస్తుంది.

గింజా 4-చోమె (నాలుగో పేట) కూడలిలో వాకో షాపు గడియారం బురుజు 1932 నాటిది, ఇప్పటికీ ఉంది. 1954 నవంబరు 3న విడుదలైన సినిమాలో గాడ్జిల్లా విరగ్గొట్టిన గడియారం ఇదే. ఇక్కడ నిలబడి ఒక లెక్క వేసుకోవచ్చు. గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు, గాడ్జిల్లా వేషం సూటు తొడుక్కున్న మనిషి సుమారు 2 మీటర్లు, అందుకే నగరాన్ని 25వ వంతుకి కుదించి కట్టారు. 20 మీటర్ల ఎత్తు నుంచి పెచ్చు ఊడిపడటానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. నమూనాలో ఆ ఎత్తు 80 సెంటీమీటర్లు, 0.4 సెకన్లలో పడిపోతుంది. అంటే బరువు నిజంగా కనిపించాలంటే కెమెరా ఐదింతల వేగంతో, సెకనుకి 24కి బదులు 120 ఫ్రేములు తీయాలి. అంత వేగానికి ఒక్కో ఫ్రేముకి వెలుతురు అందే సమయం ఐదో వంతుకి పడిపోతుంది, ఆ మేరకు దీపాలు పెంచాలి. ఆ వేడిలో సూటు లోపల ఉన్నది నకజిమ హరువో. మొదటి సూటు 100 కిలోల దాకా తూగడంతో అందులో నడవడం గగనమైంది. దాన్ని రెండుగా కోసి, సగం శరీరమే కనిపించే షాట్లకి వాడుకున్నారు. స్పెషల్ ఎఫెక్ట్స్ బాధ్యత చూసుకున్న త్సుబురాయ ఎయ్‌జికి బొమ్మని ఫ్రేము ఫ్రేముకీ కదిలించే పద్ధతే ఇష్టం. దానికి టైమూ డబ్బూ లేకనే మనిషికి సూటు తొడిగారు. గత్యంతరం లేక పట్టిన ఉపాయమైనా, నా దృష్టిలో ఆ నడకలోని భారం దానివల్లే వచ్చింది.

షిన్-కిబా స్టేషన్ నుంచి పావుగంట లోపు నడిస్తే యుమెనోషిమా పార్కులో దాయ్‌గో ఫుకుర్యు మారు, చేపల పడవ. 1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష అణుధార్మిక బూడిద దీని మీద పడింది. పడవలో 23 మంది. రేడియో ఆపరేటరు కుబోయమ ఐకిచి సెప్టెంబరు 23న చనిపోయాడు, గాడ్జిల్లా సినిమా ఆ నవంబరులో వచ్చింది. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. 1947లో కట్టిన చెక్క పడవ, పొడవు 30 మీటర్లకి కొంచెం తక్కువ. ముందువైపు నిలబడి తలెత్తి చూస్తేగానీ పడవ ఎంత పెద్దదో తెలియదు. తరవాత శిక్షణ నౌకగా వాడి, చివరికి అప్పట్లో చెత్త నింపుతున్న ఈ దీవిలోనే వదిలేశారు. జనం పట్టుబట్టి కాపాడుకుంటే 1976లో పడవని ఉంచిన ఈ ప్రదర్శన హాలు వచ్చింది. ఇంజను బయట ఆరుబయలు ఉంది, చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. సినిమా మళ్ళీ చూసేముందు ఇక్కడికి రావడం మేలు, మొదటి సన్నివేశంలోనే సముద్రం మీద వెలుగు, మంటల్లో పడవ.

కొన్నవాటిని చేతిసంచిలోనే తేవాలి. పుస్తకానికి రెండు పక్కలా గట్టి అట్టలు పెట్టి, నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. ఇంటికొచ్చాక పాలీప్రొపిలీన్ కవర్లే వాడాలి, పీవీసీ కవరు కొన్నేళ్ళకి సిరాని తనకి అంటించుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ళలో ఉక్కకి పిన్నులు ముందు తుప్పు పడతాయి. తుప్పు పేజీకి దిగకముందే పిన్నుల కాళ్ళు వెనకనుంచి మెల్లగా లేపి తీసేయాలి, మళ్ళీ అవే బొక్కల్లోంచి నూలుదారం పోసి కట్టుకోవాలి. కవరులో సిలికా జెల్ పొట్లం వేస్తే రెండు మూడు నెలలకోసారి మార్చాలి. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయొద్దు, దాని జిగురు పసుపు మరకై మిగిలిపోతుంది.