తన్యత 25 ఎందుకు కాదు?

నేను ఎంసెట్ రాసి వచ్చినవాణ్ణి. పేరు ఈఏపీసెట్‌గా మారినా అక్కడ ఇప్పటికీ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, తప్పు రాసినా మార్కు పోదు. సూత్రాలు కంఠతా వచ్చి ఉండాలి, ఆఖర్లో మిగిలినవాటికి ఏదో ఒకటి పెట్టెయ్యాలి. డాలస్ దగ్గర పదకొండో క్లాసు చదువుతున్న మా అమ్మాయి దారి వేరు. వాళ్ళ ఏపీ ఫిజిక్స్‌లో (మన రాష్ట్రం కాదు, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) జవాబు వస్తే చాలదు, ఎందుకో మాటల్లో రాయాలి.

ఆదివారం పొద్దున దాన్నీ, దాని స్నేహితుణ్ణీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తుంటాను. మొన్న కప్పీ లెక్క వచ్చింది. తాడుకి ఒక పక్క 3 కేజీలు, ఇంకో పక్క 2 కేజీలు. జి విలువ (ఒక్కో కేజీని భూమి లాగే బలం, న్యూటన్లలో) 10 అనుకుంటే తాడులో తన్యత, అంటే తాడు లాగే బలం, ఎంత? నాకు సూత్రం నోటికి వచ్చు కాబట్టి 24 అనేశాను.

"30కీ 20కీ మధ్యలో అంటే 25 కదా నాన్నా?" అంది.

ఎంసెట్ కోచింగ్‌లో ఈ ప్రశ్న ఎవరం అడగలేదు, అడిగే టైమూ లేదు. సూత్రం పక్కన పెట్టి బొమ్మ గీయమన్నాను. 2 కేజీలది పైకి వేగం పుంజుకుంటోంది, కాబట్టి తాడు 20 న్యూటన్ల కన్నా గట్టిగా లాగాలి. 3 కేజీలది కిందికి వేగం పుంజుకుంటోంది, కాబట్టి 30 కన్నా తక్కువ. మధ్యలో ఉన్న 10 న్యూటన్లనే రెండు బరువులూ పంచుకోవాలి. త్వరణం (వేగం పెరిగే రేటు) రెండింటికీ ఒకటే, బరువైనదానికి ఎక్కువ బలం కావాలి. కాబట్టి 3:2 వాటాలు, అంటే ఆరూ నాలుగూ. 30 లోంచి 6 తీసినా, 20కి 4 కలిపినా 24.

నిజానికి నాలుగు ఆప్షన్లలో 20కి కిందా, 30కి పైనా ఉన్నవి కొట్టెయ్యడం మేమూ చేసేవాళ్ళమే. ఆలోచన ఇదే, కాగితం మీద పెట్టలేదంతే.

ఎక్కాల విషయంలో మాత్రం నేను తగ్గలేదు. ఇక్కడి బడిలో పన్నెండుతో ఆపేస్తే ఇంట్లో ఇరవై దాకా చెప్పించాను. ఏఎంసీ గణితం పోటీలో కాలిక్యులేటర్ ఉండదు: 25 ప్రశ్నలు, 75 నిమిషాలు. సరైన జవాబుకి 6, వదిలేస్తే 1.5, తప్పుకి సున్నా. అయిదు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున 1.2, అంతకన్నా వదిలెయ్యడమే మేలు. ఒకటి కొట్టేస్తే సమానం, రెండు కొట్టేస్తే పెట్టాల్సిందే. ఈ లెక్క దానికి నేర్పింది నేనే. అయినా ప్రాక్టీస్ పేపర్‌లో అది ఖాళీగా వదిలిన గళ్ళు కనిపిస్తే నా పెన్సిల్ ఆగదు. "నాన్నా, ముట్టుకోకు" అని పేపర్ లాగేసుకుంటుంది.