బంగారమ్మ సమ్మెట

ఆదివారం, రాత్రి 11.20

ఈ రోజు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట గంటన్నర ఆలస్యంగా మొదలైంది. తలా ఒక పాత్ర రాసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. తప్పు మటన్ షాపు దగ్గర క్యూది కొంత, మా బాబాయి కూతురిది ఎక్కువ. పోయిన వారం దాని పాత్ర, పొట్టి హాఫ్లింగ్ జాతి దొంగ, గోతిలో పడి చచ్చిపోయాడు. తాడు కొనుక్కోమని మూడు వారాలుగా చెబుతూనే ఉన్నాను, వింటేగా. సరే, కొత్త పాత్ర రాసుకుని రమ్మన్నాను. చెప్పులు విప్పుతూనే కాగితం నా చేతిలో పెట్టింది. పేరు బంగారమ్మ. జాతి కొండ డ్వార్ఫ్. వృత్తి విజర్డ్, అంటే మంత్రగాడు. అక్కడిదాకా బాగానే ఉంది. దాని కింద లైన్లో "బ్లేడ్‌సింగర్" అని ఉంది.

నేను పైకి చదివేసరికి తమ్ముడు వంటింట్లోంచే అరిచాడు. "కుదరదు! అది ఎల్ఫ్‌లది."

వీడి బాధ వీడిది. ఎనిమిది నెలలుగా వీడు ఆడుతున్నదే ఎల్ఫ్ బ్లేడ్‌సింగర్. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో మంత్రం, నోట్లో పాట. పాట ఎత్తుకుంటే ఒక నిమిషం పాటు వాడి తెలివి అంకె వెళ్లి రక్షణలో కలుస్తుంది, నడక 10 అడుగులు పెరుగుతుంది. వస్తాడు, ఒకటి వేస్తాడు, గిరుక్కున తిరిగి ఎవరికీ అందకుండా పోతాడు. దెబ్బలు తినడానికి మిగిలినవాళ్లు ఉన్నారు కదా. 2015లో స్వోర్డ్ కోస్ట్ పుస్తకంలో ఈ విద్య వచ్చినప్పుడు ఎల్ఫ్‌లకీ సగం ఎల్ఫ్‌లకీ మాత్రమే అని రాశారు. కావాలనుకుంటే డీఎం, అంటే ఆట నడిపేవాళ్లు, ఆ అడ్డు తీసేయొచ్చని కూడా పక్కనే రాశారు. మా ఇంట్లో ఆ డీఎం నేనే. అంటే గొడవ తెచ్చి నా నెత్తిన పెట్టారు.

"2020లో వచ్చిన పుస్తకంలో ఆ లైనే లేదక్కా, చూసే వచ్చాను" అంది చెల్లి. సీఏ ఇంటర్ చదువుతోంది, చూడకుండా రాదు. పైగా లెక్క కూడా చూపించింది. కొండ డ్వార్ఫ్‌కి బలంలో 2, ఒంటి గట్టిదనంలో 2 పుట్టుకతో వస్తాయి. హై ఎల్ఫ్‌కి చురుకుదనంలో 2, తెలివిలో 1. 2020 పుస్తకం వీటిని ఎక్కడ కావాలంటే అక్కడికి మార్చుకోనిస్తుంది. అంటే డ్వార్ఫ్ తన నాలుగూ తీసుకెళ్లి చురుకుదనంలో రెండు, తెలివిలో రెండు పెట్టుకోవచ్చు. ఎల్ఫ్‌కి ఎటు మార్చినా మూడే. కత్తి పాటలో ఇప్పుడు ఎల్ఫ్ కంటే డ్వార్ఫే మెరుగు.

తమ్ముడు ఉల్లిపాయల కళ్లతో బయటికొచ్చాడు. "లెక్క సంగతి కాదు. వందల ఏళ్లుగా ఎల్ఫ్‌లు కాపాడుకుంటూ వచ్చిన విద్య అది. అది వాళ్లది."

"ఏంటన్నయ్యా, ఇక్కడ కూడా కులవృత్తేనా?"

అది నవ్వుతూనే అంది. వాడు నవ్వలేదు. నేను కుక్కర్ విజిల్ వచ్చినట్టు నటించి లోపలికి వెళ్లిపోయాను.

సార్ వచ్చేసరికి పన్నెండు. మా ఆఫీసులో సీనియర్, యాభై దాటాయి, 90ల్లో అమెరికాలో చదువుకునేటప్పుడు రెండో ఎడిషన్ ఆడారట. సంగతి చెబితే సోఫాలో కూర్చోకుండానే తీర్పు ఇచ్చేశారు. "మా రోజుల్లో డ్వార్ఫ్ విజర్డ్ అన్న మాటే లేదమ్మా. వాళ్ల ఒంటికే మంత్రం పడదు." అది నిజమే. మంత్రం వాళ్లమీద సరిగా పనిచెయ్యదు, అందుకే వాళ్లు నేర్వలేరు కూడా అన్నది ఆ రెండో ఎడిషన్ పుస్తకం చెప్పే కారణం. కనీసం ఒక కారణం ఉంది. అంతకు ముందువి చూస్తే అదీ ఉండదు. 1974లో ఆట మొదటిసారి అచ్చయినప్పుడు వృత్తులు మూడే: యోధుడు, మంత్రగాడు, పూజారి. డ్వార్ఫ్ యోధుడే కావాలి, అదీ 6వ స్థాయి దాకా. హాబిట్ (ఇప్పటి హాఫ్లింగ్) కూడా యోధుడే, 4 దగ్గర ఆగిపోవాలి. ఎల్ఫ్ ఒక ఆటలో యోధుడు, ఇంకో ఆటలో మంత్రగాడు కావచ్చు గానీ వాడికీ యోధుడిగా 4, మంత్రగాడిగా 8 అని గీతలు. గీత లేనిది మనిషికే. 1978 పుస్తకంలో పాలడిన్, అంటే ధర్మానికి కట్టుబడ్డ యోధుడు, కావాలంటే మనిషిగా పుట్టి ఉండాలి. 1981 బేసిక్ పెట్టెలోనైతే మొహమాటమే లేదు, డ్వార్ఫ్ అన్నదే వృత్తి. పుట్టావు కాబట్టి అదే నీ ఉద్యోగం, 12వ స్థాయికి రిటైర్మెంట్. ఎల్ఫ్‌కి 10, హాఫ్లింగ్‌కి 8. ఆట సృష్టికర్తల్లో ఒకడైన గైగాక్స్ 1979లో డీఎంల కోసం రాసిన పుస్తకంలో ఈ లోకం మనుషుల చుట్టూ తిరగాలన్నదే తన ఉద్దేశమని వాదించాడు. ఆయన లోకం, ఆయనిష్టం. 2000లో మూడో ఎడిషన్ గేట్లన్నీ తీసేసింది, ఎవరైనా ఏదైనా కావచ్చంది. అయినా కొన్ని గదులకు తాళాలు ఉంచింది. మంత్రపు బాణాల విలుకాడు కావాలంటే ఎల్ఫో సగం ఎల్ఫో అయి ఉండాలి. కదలకుండా నిలబడి కాచే డిఫెండర్ డ్వార్ఫే అయి ఉండాలి.

నాకు నవ్వొచ్చేది ఇంకోటి ఉంది. 2015 పుస్తకంలోనే డ్వార్ఫ్‌లకు మాత్రమే అని ఇంకో విద్య ఉంది, బ్యాటిల్‌రేజర్. ఒళ్లంతా మేకులున్న కవచం తొడుక్కుని శత్రువు మీద పడిపోవడమే పని. డ్వార్ఫ్‌లు తమ భాషలో వాణ్ణి పిలిచే పేరుకి అర్థం గొడ్డలి వెర్రోడు అని. 2020లో ఎల్ఫ్‌ల నాట్యాన్ని మళ్లీ అచ్చేసి అందరికీ ఇచ్చారు. మేకుల కవచం ఆ పుస్తకంలో లేదు. అడ్డు తీసేస్తే ఎల్ఫ్ విద్య కోసం అందరూ వస్తారు గానీ, గొడ్డలి వెర్రోడిగా ఉండే హక్కు మాకూ కావాలని ఎవరు అడుగుతారు? చెల్లి కూడా బంగారమ్మను ఎల్ఫ్‌ల పనికే పంపుతోంది గానీ డ్వార్ఫ్ పని ఏమైనా ఉందా అని చూడలేదు. ఈ మాట అందామనుకున్నాను. మటన్ ఉడికింది, మానేశాను.

భోజనాల దగ్గర అమ్మ అడిగింది. "పొద్దుట్నుంచీ ఒకటే కొట్టుకుంటున్నారు. ఎల్ఫ్ అంటే ఎవరే?"

"అడవుల్లో ఉంటారమ్మా. అందంగా ఉంటారు, వందల ఏళ్లు బతుకుతారు, పాటలు పాడతారు."

"పనేం చెయ్యరా?"

తమ్ముడి మొహం చూడాలి.

"డ్వార్ఫ్‌లంటే పొట్టిగా ఉంటారు, గడ్డాలుంటాయి. గనులు తవ్వుతారు, కొలిమి పెట్టి ఇనుము సాగదీస్తారు." మరుగుజ్జులు అని చెప్పబుద్ధి కాదు నాకు. ఆ మాట అంటే మనకి గొడుగు పట్టుకున్న వామనుడు కనబడతాడు తప్ప నిప్పుల ముందు నిలబడ్డ మనిషి కనబడడు.

"మనవాళ్లన్నమాట" అంది అమ్మ, సార్‌కి ఇంకో ముక్క వేస్తూ.

అందరం నవ్వాం. కానీ నాకు అన్నం ముద్ద అక్కడే ఆగింది. మా తాతయ్యది కమ్మరి పని. తెనాలి దగ్గర మా ఊళ్లో ఎండాకాలం వస్తే కర్రులు సాగదీయించుకోవడానికి రైతులు పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లట. నాకు నాలుగైదేళ్లప్పుడు కొలిమి ఆరిపోయింది. నాన్న బ్యాంకులో చేరి పదేళ్లయింది అప్పటికే. ఆ తర్వాత పుట్టిన తమ్ముడికి అది కథే. ఊళ్లో పెద్దవాళ్లు నా చేతులు చూసి "కమ్మరి చెయ్యి, పట్టు చూడు" అనేవాళ్లు. ఆ మాటకి పొంగిపోయేదాన్ని. అదే మాట ఇంకోళ్ల నోట ఇంకో రకంగా విన్న రోజులు కూడా ఉన్నాయి, అవి ఇక్కడ రాయను. చెల్లి పొద్దున అడిగినదానికి నేను వంటింట్లోకి ఎందుకు పారిపోయానో మాత్రం అప్పుడర్థమైంది.

"తాతయ్య పాడేవాడా అమ్మా, పని చేస్తూ?"

"పాటేంటి, ఆ చప్పుడే పాట. మీ తాతయ్య చిన్న సుత్తితో టక్కుమని ఒకచోట కొట్టేవాడు. సమ్మెట వచ్చి సరిగ్గా అక్కడ పడేది. టక్, ధన్. టక్, ధన్. నోటితో ఒక్క మాట ఉండేది కాదు. చాలు అనాలంటే సుత్తి దాగలి మీద ఆడించేవాడు, సమ్మెట ఆగిపోయేది."

"సమ్మెట ఎవరు కొట్టేవాళ్లు పెద్దమ్మా?" చెల్లి అడిగింది.

"ఎవరేంటి, మీ నాయనమ్మే."

నాకు తెలియదు ఈ సంగతి. నాయనమ్మ అంటే నాకు మంచం, తమలపాకులు, మందుల డబ్బా.

చేతులు కడుక్కోగానే నోట్‌బుక్ తీశాను. సార్ అర్థం చేసుకున్నారు, ఆట ఇంకో అరగంట వెనక్కి జరిపారు. 2004, 2005ల్లో వచ్చిన కొన్ని పుస్తకాల్లో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఒక వృత్తి మామూలుగా ఇచ్చేవాటిలో కొన్నింటిని వదులుకుంటే ఆ స్థాయిల దగ్గర నీ జాతి తరహావి ఇస్తారు. పని అదే, మనవాళ్లు చేసే తీరు వేరు. ఆ దారిలోనే బంగారమ్మకి ఒక పాట రాశాను. 10 అడుగుల నడక తీసేశాను, డ్వార్ఫ్ గిరుక్కున తిరగదు. తెలివి రక్షణలో కలవడం ఉంచాను, కానీ పక్కనే మనవాడొకడు ఉంటేనే. దానికి బదులు చిన్న సుత్తి. బంగారమ్మ తన పక్కనున్న శత్రువు మీద టక్కుమని ఒక గుర్తు పెడుతుంది, తర్వాత తోటివాడు వాణ్ణి కొడితే ఆ దెబ్బకి బంగారమ్మ తెలివి అంకె తోడవుతుంది. పైన పేరు రాశాను: సమ్మెట పాట. దాని కింద అలవాటుగా "డ్వార్ఫ్‌లకు మాత్రమే" అని కూడా రాసేశాను. చూసుకోలేదు.

మొదట ఇనప కవచం కూడా ఒప్పుకున్నాను, కమ్మరి కదా అని. చెల్లి అప్పటికే లెక్కేసి పెట్టింది. కవచం 15, చురుకుదనం 2, తెలివి 4.

"ఇరవై ఒకటా! నా పాలడిన్ సంపాదనంతా పెట్టి కొనుక్కున్నది ఇరవై" అన్నారు సార్. కవచం కొట్టేశాను. తోలు ఏప్రన్‌తో సరిపెట్టుకోమన్నాను. కొలిమి దగ్గర ఇనప చొక్కా ఎవడేసుకుంటాడు, మాడిపోడూ?

మూడింటికి మొదలుపెట్టాం. గని సొరంగంలో ఓగర్ అనే భారీ రాక్షసుడు. మామూలుగానైతే తమ్ముడు పాట ఎత్తుకుని, ఒకటి వేసి, ఎక్కడో స్తంభం వెనక తేలేవాడు. ఈసారి బంగారమ్మ ఓగర్ మోకాలి మీద టక్ అంది. వాడు పాచిక వేశాడు, 17. కత్తి దెబ్బకి ఇంకో నాలుగు కలిశాయి. తర్వాతి వంతులో మళ్లీ టక్. మామూలుగా వాడు వెళ్లిపోవాలి. వెళ్లలేదు. వెళ్తే బంగారమ్మ పక్కన ఎవరూ ఉండరు, దాని రక్షణ పడిపోతుంది. ఓగర్ గద వచ్చి వీడి భుజం మీద పడింది, 13 పోయాయి, అయినా అక్కడే ఉన్నాడు. టక్, ధన్. మూడో వంతుకి చెల్లి నోటితోనే చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. సార్ పాలడిన్‌కి పనే లేకుండా పోయింది, పాపం, వెనక కాగడా పట్టుకుని నిలబడ్డాడు.

ఓగర్ పడ్డాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు తమ్ముడు, చాలా మామూలుగా, చిప్స్ ప్యాకెట్ లోపలికి చూస్తూ అడిగాడు. "అక్కా, ఇది నా ఎల్ఫ్ నేర్చుకోవచ్చా?"

చెల్లి నోట్‌బుక్ లాక్కుని తెరిచి వాడి ముందు పెట్టింది. డ్వార్ఫ్‌లకు మాత్రమే. నా చేతిరాతే.

ఆలోచించి చెబుతానన్నాను. చెల్లి బస్సు టైమైంది, సార్ కూడా లేచారు. తమ్ముడు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో మళ్లీ "ఆలోచించు" అన్నాడు.

రాత్రి అమ్మ పక్క వేసుకుంటుంటే అడిగాను. తెలియని వాడొకడు వచ్చి నాయనమ్మ పని నేర్పమంటే ఏం చేస్తారని.

"మీ నాయనమ్మకి మాత్రం పుట్టుకతో వచ్చిందా? వాళ్లు వడ్రంగులు. ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలిసింది చెక్క. ఇక్కడికొచ్చాకే సమ్మెట పట్టింది, అదీ రాగానే ఇచ్చారా ఏంటి, ముందు రెండేళ్లు తిత్తి ఊదింది."

లైటు ఆపేసింది. నేను ముందుగదిలోకొచ్చి నోట్‌బుక్ తీసి ఆ లైన్ కొట్టేశాను. దాని పక్కన రాశాను: నేర్చుకోవాలంటే ముందు మూడు ఆటలు తిత్తి ఊదాలి, ఆ మూడు ఆటల్లో పాట పాడకూడదు, నాట్యం చెయ్యకూడదు. ఫొటో తీసి తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను.

ఇప్పుడే జవాబొచ్చింది. "ఓకే. తిత్తి అంటే?"