రుమాలు వేసిన సీటు

విశాఖపట్నం స్టేషన్‌లో కిరండూల్ ప్యాసింజర్ ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసరికి ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. రైలు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి రుమాళ్ళు, సంచులు వేసి సీట్లు ఆపేసుకుంటున్నారు. నేను ఓ పక్కకి జరిగి నిలబడ్డాను. ఎక్కేవాళ్ళంతా ఎక్కాక, మిగిలినచోట సర్దుకోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఇంతలో పెట్టె లోపల్నుంచి కేక వినబడింది.

"తెనాలీ! ఇటు రండి, మీకు రుమాలు వేశాం!"

తెనాలి అంటే నేనే. మా ఎనిమిదిమందిలో ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. ముందురోజు సాయంత్రమే ఒకరినొకరం మొదటిసారి చూసుకున్నాం, పేర్లు గుర్తుండక ఊళ్ళతో పిలవడం మొదలుపెట్టాం. అదే స్థిరపడిపోయింది. కాకినాడ అక్క, గుంటూరు అన్నయ్య, రాజమండ్రి సార్, ఖమ్మం తమ్ముడు, విజయనగరం చెల్లి, ఏలూరు, ఒంగోలు, నేను.

నాకు 51 ఏళ్ళు. ఒక జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. పెళ్ళి చేసుకోలేదు. అమ్మకి పక్షవాతం వచ్చాక పదకొండేళ్ళు నేనే చూసుకున్నాను. అమ్మ పోయి ఏడాది దాటింది. అప్పటినుంచీ ప్రతి సెలవుకీ తమ్ముడు "హైదరాబాద్ వచ్చెయ్యక్కా" అంటాడు. మరదలు మంచిది, పిల్లలు బంగారాలు. వెళ్తాను. కానీ అక్కడ నేను అందరి అత్తయ్యని. నాకు ఏది చూడాలని ఉందో, ఎక్కడికి వెళ్ళాలని ఉందో ఎవరూ అడగరు. అది వాళ్ళ తప్పు కాదు, నేనెప్పుడూ చెప్పలేదు.

కాకినాడ అక్క మా కొలీగ్‌కి దూరపు బంధువు. భర్త పోయి ఆరేళ్ళు. టూర్‌కి వెళ్దామంటే జంటలతో వెళ్ళాలి, లేదంటే తీర్థయాత్రల బస్సెక్కాలి, ఈ రెండూ కాకుండా మనలాంటివాళ్ళం కలిసి వెళ్ళలేమా అని ఆవిడే తెలిసినవాళ్ళ ద్వారా ఒక్కొక్కరినీ పోగుచేసింది. ఐదుగురు ఆడవాళ్ళం, ముగ్గురు మగవాళ్ళు. అందరం నలభై అయిదు, అరవై మధ్యలో ఉన్నవాళ్ళమే. భర్త పోయినవాళ్ళు, భార్య పోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు, అసలు పెళ్ళి చేసుకోనివాళ్ళు. ఫోన్‌లో ఆవిడ నాకు ముందే చెప్పింది. "ఎందుకు ఒంటరిగా ఉన్నావని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. సంబంధాలు కలపకూడదు. ఎవరి ఖర్చు వాళ్ళు పెట్టుకోవాలి. ఇవి ఇష్టమైతేనే రా." కార్తీకం వెళ్ళాక పెట్టుకుందాం, లేకపోతే తిండి దగ్గర ఇబ్బంది అని కూడా అంది.

వెళ్తున్నానని చెప్పగానే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. "మగవాళ్ళు కూడానా?" అన్నాడు. అవునన్నాను. "జాగ్రత్తక్కా" అని పెట్టేశాడు. రాత్రంతా టెన్షన్ పడి ఉంటాడు పాపం. నేనూ పడ్డాను. బ్యాగ్ సర్ది, మళ్ళీ తీసేసి, మళ్ళీ సర్దాను.

మళ్ళీ రైల్లోకి వస్తాను. గుంటూరు అన్నయ్య కుడివైపు కిటికీలే కావాలని పట్టుబట్టి మరీ ఆపాడు, లోయలు అటే కనిపిస్తాయట. అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంది కదా అంటే రాజమండ్రి సార్ ఒప్పుకోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, గాలి మొహానికి తగులుతుంటే చూడాలి ఈ దారిని అన్నారు. ఆయన మాట నిజం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైనుని 1960లలో వేశారు, బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి తేవడానికి. జపాన్‌కి ఎగుమతి కోసం. మనుషుల కోసం వేసిన దారి కాదు కాబట్టే ఊళ్ళని వెతుక్కోకుండా కొండల్లోంచి అలా పోతుందేమో అనిపించింది. ఈ లైనులో 58 సొరంగాలున్నాయి.

మొదటి సొరంగంలోకి వెళ్ళగానే పెట్టెలో కుర్రాళ్ళంతా కేకలు పెట్టారు. రెండోదానికి మా ఖమ్మం తమ్ముడూ కలిశాడు. నాలుగోదో అయిదోదో, చీకట్లో నా పక్కనుంచి ఒక కేక వచ్చింది. సన్నగా మొదలై, పెరిగి పెరిగి సొరంగం అయిపోయేదాకా ఆగలేదు. వెలుతురు వచ్చాక చూస్తే విజయనగరం చెల్లి. ఊపిరి తీసుకుంటోంది, కళ్ళలో నీళ్ళు. అత్తవారింట్లోనే ఉంటుంది ఆమె, ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. "ఇంట్లో గట్టిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో అక్కా" అంది. తర్వాత వచ్చిన సొరంగానికి ఎనిమిదిమందిమీ కలిసి అరిచాం. సార్ కూడా.

శిమిలిగూడ దగ్గర బోర్డు చదివాం. సముద్రమట్టానికి 996 మీటర్ల పైచిలుకు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినది ఇదేనట. అప్పటికే గాలి చల్లబడింది, అందరం శాలువాలు తీశాం.

అరకులో దిగిన చోట ఒక చిన్న సంగతి జరిగింది. రిసెప్షన్‌లో ఇచ్చిన ఫారంలో 'తండ్రి/భర్త పేరు' అని ఒక గడి. ఆ అబ్బాయి నన్ను చూసి "సార్ పేరు రాయండి మేడం" అన్నాడు. నాకు మాట రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి గళ్ళు నింపుతున్నాను, అయినా ఆరోజు ఎందుకో పెన్ను ఆగిపోయింది. పక్కన కాకినాడ అక్క తన ఫారంలో ఆ గడిని వదిలేసి సంతకం చేసి ఇచ్చేసింది. నేను అమ్మ పేరు రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు.

గిరిజన మ్యూజియం చూశాం, చాపరాయి దగ్గర నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. మర్నాడు బొర్రా గుహలకి వెళ్ళొచ్చాం. దారిలో కాఫీ తోటల దగ్గర బండి ఆపితే, సిల్వర్ ఓక్ చెట్ల నీడన మొక్కలకి ఎర్రటి పళ్ళు. అక్కడ పనిచేస్తున్నావిడ ఒకటి తుంచి ఇచ్చింది. చప్పరిస్తే తియ్యగా ఉంది. కాఫీ పండు తియ్యగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నిటికన్నా నాకు మిగిలింది ఆ రాత్రి చూసిన గిరిజన నృత్యం, థింసా. మంట వేశారు. బొంగులో చికెన్ కాలుతోంది, పచ్చి వెదురు మాడిన వాసన బట్టలకి పట్టేసింది. నూనె చుక్క లేకుండా అంత రుచి ఎలా వస్తుందో! పది పన్నెండుమంది గిరిజన మహిళలు డప్పు, తుడుము వాయిద్యాలకి ఆడుతున్నారు. థింసాలో ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు వేసి గొలుసులా కట్టుకుంటారు, గొలుసు తెగకుండా వంగుతూ లేస్తూ తిరుగుతారు. కాసేపటికి చూసేవాళ్ళని కూడా రమ్మన్నారు. నేను వెళ్ళనన్నాను. ఒకావిడ వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క విజయనగరం చెల్లి. "కుడికాలు ముందమ్మా" అని కాలితో చూపించింది ఆవిడ. నా చేతులు వాళ్ళ నడుముల చుట్టూ, వాళ్ళ చేతులు నా చుట్టూ. రెండు చుట్లు తిరిగాక నాకు ఏడుపొచ్చింది. మంచం మీంచి లేపేటప్పుడు అమ్మ నడుం చుట్టూ ఇలాగే చెయ్యి వేసేదాన్ని. రోజుకి ఆరేడుసార్లు, పదకొండేళ్ళు. అమ్మ పోయాక నా చెయ్యి ఎవరి నడుమునీ పట్టుకోలేదు, నన్నెవరూ పట్టుకోలేదు. ఆ సంగతి అంతవరకూ నేను గమనించనే లేదు. అడుగు తప్పింది. గొలుసు మాత్రం తెగలేదు, ఇద్దరూ నన్ను బిగించి పట్టుకుని తిప్పేశారు.

గదిలో ఈ మాట విజయనగరం చెల్లికి చెప్పాను. తను ఓదార్చలేదు. లేచి, నా మోకాలికి నొప్పి మందు రాసింది. ఆ మోకాలి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మెట్లు దిగుతుంటే చూసిందట.

మూడో రాత్రి పాడేరులో ఉన్నాం. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, సూర్యోదయం చూడ్డానికి వంజంగి కొండకి. కొంత దూరం జీపులో, ఆ తర్వాత నడక. చీకటి, మంచుకి తడిసిన రాళ్ళు, వందలమంది కుర్రకారు సెల్‌ఫోన్ లైట్లతో మమ్మల్ని దాటుకుంటూ పైకి పోతున్నారు. సగం దూరంలో నా మోకాలు మొరాయించింది. "మీరు వెళ్ళండి, సూర్యోదయం మిస్సయిపోతారు, నేనిక్కడే కూర్చుంటాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఇంకొకర్ని నాకోసం ఆపడమంటే నాకు ప్రాణసంకటం. స్కూల్లో, ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, ఎక్కడైనా "నాకోసం ఆగకండి" అనే అంటాను.

"నాకూ ఆయాసంగానే ఉంది లెండి" అని విజయనగరం చెల్లి రాయి మీద కూర్చుంది. ఆమెకి ఆయాసం లేదు, నాకు తెలుసు. ఖమ్మం తమ్ముడు ఎక్కడికో వెళ్ళి ఒక కర్ర పట్టుకొచ్చి, చేతికి గుచ్చుకోకుండా దాని కొసకి తన మఫ్లర్ చుట్టి ఇచ్చాడు. ముగ్గురం నిదానంగా ఎక్కాం. ఇరవై అడుగులు, ఆగడం. మళ్ళీ ఇరవై.

పైకి చేరేసరికి సూర్యుడు వచ్చేశాడు. కొండల మధ్య మబ్బులు మాత్రం అలాగే ఉన్నాయి, పొంగి అంచుదాకా వచ్చిన పాలలాగా, మధ్యమధ్య కొండ శిఖరాలు తేలుతూ. మిగతా ఐదుగురూ ఒకచోట గుంపుగా నిలబడి దారివైపు చూస్తున్నారు. మబ్బులవైపు కాదు, మేం వచ్చే దారివైపు. గుంటూరు అన్నయ్య ఫ్లాస్క్ మూత తియ్యలేదు. ఒక్క ఫోటో కూడా తీసుకోలేదు. "ఎనిమిదిమందీ వచ్చాకే కదమ్మా" అన్నాడు.

ఆ ఫోటో తమ్ముడికి పంపాను. అరగంటకి ఫోన్ చేశాడు. "ఆ కర్ర పట్టుకున్నది నువ్వేనా అక్కా? అంత ఎత్తు ఎక్కావా?" అని రెండుసార్లు అడిగాడు. కర్ర ఎవరిచ్చారని అడిగాడు. చెప్పాను. "మంచివాళ్ళలా ఉన్నారే" అన్నాడు.

ఫిబ్రవరిలో పాపికొండలు అనుకుంటున్నాం. గండిపోచమ్మ దగ్గర పడవ ఎక్కి పేరంటాలపల్లి దాకా. ఖమ్మం తమ్ముడికి మాత్రం భద్రాచలం వైపునుంచి, పోచవరంలో ఎక్కడం దగ్గర. ఏ వైపునుంచి వెళ్ళాలో ఇంకా తేలలేదు, రోజూ వాదన నడుస్తోంది. మోకాలికి డాక్టరు వ్యాయామాలు చెప్పారు. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు తిరుగుతున్నాను. ఐదున్నరకి ఫోన్ మోగుతుంది. ఎత్తగానే అవతల మిషన్ చప్పుడు, ఆ వెనకే విజయనగరం చెల్లి గొంతు, గట్టిగానే.

"లేచారా అక్కా?"