సీ వ్యూ బాల్కనీలో నిలబడ్డాక బుద్ధి మాట ఎవరు వింటారు?

మనిషిని నడిపేది మనసా, బుద్ధా అన్నది తేలాలంటే శనివారం సాయంత్రం విశాఖలో రుషికొండ వైపో, లాసన్స్ బే కాలనీలోనో ఫ్లాట్లు చూసేవాళ్లని గమనిస్తే చాలు. లిఫ్ట్ దిగేదాకా చదరపు అడుగు ధర, మెయింటెనెన్స్, పార్కింగ్ లెక్కలే. బాల్కనీ తలుపు తీయగానే ఎదురుగా సముద్రం, మొహాన గాలి. ఇక లెక్కలు అయిపోయినట్టే. ఆ తర్వాత అడిగేవన్నీ కొనడానికి సాకులే: "ఇక్కడ రేట్లు పెరుగుతాయి కదండీ?" కేసు ఒప్పుకున్న వకీలులా బుద్ధి అప్పటికే మనసు తరఫున వాదిస్తూ ఉంటుంది.

కాబట్టి బలం మనసుదే. అలాగని "మనసు పక్కన పెట్టి ఆలోచించు" అనే సలహా ఎందుకూ పనికిరాదు. మెదడు ముందు భాగంలో, కళ్లకు కాస్త పైన దెబ్బతిన్న రోగులని నరాల వైద్యుడు ఆంటోనియో డమాసియో పరీక్షించారు. తెలివి, జ్ఞాపకశక్తి బాగానే ఉన్నాయి, భావోద్వేగాలే మొద్దుబారాయి. వాళ్లలో ఒకాయన, తర్వాతి అపాయింట్‌మెంట్‌కి రెండు తేదీలిస్తే, ఏది మేలో తేల్చుకోలేక దాదాపు అరగంట లాభనష్టాలు చెబుతూ కూర్చున్నాడు. ఏదో ఒకటి నచ్చితేనే కదా లెక్క ఎక్కడో ఒకచోట ఆగేది!

మనసుని ఆపలేం గానీ, అది రంగంలోకి దిగే వేళని మార్చుకోవచ్చు. ఫ్లాట్ చూడకముందే కాగితాలు తెప్పించుకోండి. లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చూపే పాత దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ప్లాన్ అప్రూవల్, కడుతున్న ప్రాజెక్టైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టర్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడాలి. ఉంటే అసలు రిజిస్ట్రేషనే జరగదు. బాల్కనీ చూసొచ్చాక ఇదే తెలిస్తే "ఏదో ఒకటి చేద్దాంలెండి" అన్న మాట నమ్మబుద్ధేస్తుంది. చూడకముందు తెలిస్తే ఫోన్ పెట్టేస్తారు.

లోను లెక్క కూడా ముందే కాగితం మీద రాసుకోవాలి. 60 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే నెలకి సుమారు 52,000. మొత్తం కట్టేది దాదాపు కోటీ పాతిక లక్షలు. ఇంకో తమాషా: రెరా చట్టం ప్రకారం బాల్కనీ కార్పెట్ ఏరియాలోకి (ఇంటి లోపల వాడుకునే స్థలంలోకి) రాదు. అంటే మనసు పారేసుకున్న చోటు ఆ లెక్కలోనే లేదు.

ఇక చూడ్డానికి వెళ్లేది సాయంత్రం కాదు, మే నెల మధ్యాహ్నం రెండింటికి. సముద్రం వైపు గ్రిల్స్ దగ్గరికెళ్లి వెల్డింగ్ అతుకులు చూడండి. పైన కొత్త రంగున్నా ఉప్పుగాలికి తుప్పు అక్కడే ముందు పొంగుతుంది. పక్క ఫ్లాట్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులు వేలు తగిలితే పొడిగా రాలుతున్నాయంటే మీ ఏసీకీ అదే గతి. పాత అపార్ట్‌మెంటైతే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి ఏ కిటికీలు పోయాయో వాచ్‌మన్‌నే అడగండి. ముందు ఖాళీ స్థలం ఉంటే అది ఎవరిదో కనుక్కోండి. అక్కడ ఐదంతస్తులు లేస్తే మీ సముద్రం పోయినట్టే.

అసలు దెబ్బ పడేది టోకెన్ అడ్వాన్స్ దగ్గర. యాభై వేలు ఇచ్చేశాక ఆ డబ్బు పోతుందన్న బాధే లక్షల తప్పుని మోయిస్తుంది. కట్టే ప్రాజెక్టుల్లో రిజిస్టర్ చేసిన సేల్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ ఫ్లాట్ ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. దానికి లోపల కూడా, చూసిన రోజు మాత్రం పైసా తీయొద్దు.

మనసు మాట వినాల్సిన చోటు ఒకటుంది. బిల్డర్ జవాబులు ఎక్కడో తేడా కొడుతుంటే, "ఈ ఆఫర్ ఇవాళ్టికే" అన్న తర్కంతో ఆ అనుమానాన్ని నొక్కేయకండి. కాగితాలు, బడ్జెట్ అన్నీ సరిపోయిన ఫ్లాట్లు రెండు మిగిలితే లెక్కలు కట్టిపెట్టి, రోజంతా ఆ ఇంట్లో ఉండబోయే మనిషిని తీసుకెళ్లండి. ఆవిడ ఏ వంటింట్లో ఎక్కువసేపు నిలబడితే అదే తీసుకోండి.