మా పొగాకు గోడౌన్ ఖాళీ అయ్యాక ఏం చేశాం: నా అనుభవం

మాది ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర ఒక పల్లె. హైవే దిగి కిలోమీటరున్నర లోపలికి వస్తే మా గోడౌన్ కనపడుతుంది. 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, సిమెంటు రేకుల కప్పు, కింద నాపరాళ్లు. నాన్న 1994లో కట్టించారు. టంగుటూరులో పొగాకు వేలం కేంద్రం ఉండటంతో అప్పట్లో ఈ చుట్టుపక్కల ఏ షెడ్డూ ఖాళీగా ఉండేది కాదు. ఆకు గ్రేడింగ్‌కి వచ్చే ఆడవాళ్లు, మండెలు (పొగాకు కుప్పలు), బేళ్లు, లారీలు, ఏడాదిలో ఎనిమిది నెలలు ఇదే సందడి. 2019లో మా దగ్గర అద్దెకున్న కొనుగోలు కంపెనీ వేరేచోట సొంతంగా కట్టుకుని వెళ్లిపోయింది. మరుసటి ఏడాది కరోనా. అంతే, మూడేళ్లు తాళం పడింది.

తాళం వేసిన గోడౌన్‌కి ఖర్చేముంటుంది అనుకుంటారు చాలామంది. కరెంటు మినిమం బిల్లు వస్తూనే ఉంటుంది, పంచాయతీ పన్ను కట్టాలి, దూలాల మీద పావురాలు చేరతాయి, గోడ పగుల్లో రావి మొక్క లేస్తుంది. 2022 వేసవిలో నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. ఇక ఇది నేనే చూసుకుంటానని చెప్పాను. మా వైపు ఇలా మూతపడ్డ షెడ్లు, పొగాకు ఆకు కాల్చే బ్యారన్లు చాలా ఉన్నాయి, వాటి వాళ్లకి ఏదో ఒకటి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఐడియాలకి కొదవ లేదు, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం ఒకటి చెప్పి వెళ్లాడు. తమ్ముడు షటిల్ కోర్టు అన్నాడు. కోర్టు కొలత 44 అడుగులకి 20 అడుగులు, నేల చాలినంత ఉంది, నాకూ ఆశ పుట్టింది. ఒంగోలు నుంచి ఒక కోచ్‌ని పిలిపించి చూపించాం. ఆయన నేల వైపు చూడనే లేదు, తల పైకెత్తి ఇనుప ట్రస్సు చూశాడు. "పదహారడుగులు కూడా లేదమ్మా, షాట్ లేపితే దూలానికే తగులుద్ది, కనీసం ముప్పై అడుగులన్నా ఉండాల" అన్నాడు. బాబాయ్ పుట్టగొడుగులు పెంచమన్నాడు. పాల పుట్టగొడుగులు మన ఎండకి తట్టుకుంటాయి, నిజమే, కానీ గాలిలో తేమ బాగా ఉండాలి, మే నెలలో సిమెంటు రేకుల కింద ఆ తేమ నిలబెట్టాలంటే మోటార్లు, నీటి తుంపర చల్లే ఫాగర్లు, గోనె పట్టాలు, పైగా మొదలుపెట్టడానికి ఒక గది చాలు, 6,000 చదరపు అడుగులు అక్కర్లేదు. చీమకుర్తి గ్రానైటు పలకలు పెట్టుకునేవాళ్లకి ఇద్దామంటే వాటికి క్రేను కావాలి, మన నాపరాళ్లు ఆ బరువు మోయవు. ఒక పార్సిళ్ల కంపెనీ మనిషి కూడా వచ్చి టేపుతో కొలుచుకున్నాడు. వాళ్లకి 1,500 చదరపు అడుగులు చాలట, కానీ ఒంగోలు టౌనుకి దగ్గర ఉండాలట.

ఇలా నాలుగు నెలలు పోయాక తీరు మార్చాను. స్కూటీ తీసుకుని, ఒక నోటుపుస్తకం పెట్టుకుని, రెండు వారాలు చుట్టుపక్కల తిరిగాను. చూసింది ఒక్కటే, ఎవరి సరుకు టార్పాలిన్ కింద ఉంది, ఎవరి సరుకు ఇంటి వసారాలో ఉంది. మనకి జాగా ఉంది కాబట్టి దాంట్లో ఏం పెట్టాలి అని ఆలోచించినన్నాళ్లూ ఏమీ తేలలేదు. సరుకుండి జాగా లేనివాళ్లు ఎవరు అని వెతికేసరికి పుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి.

మొదట కనపడింది శనగలు. మా జిల్లాలో నల్లరేగడి మీద శనగ ఎంత వేస్తారో చెప్పక్కర్లేదు. కాబూలీ రకం నిల్వ ఉంటే రంగు తగ్గుతుంది కాబట్టి కోల్డ్ స్టోరేజీకి పోతుంది. జేజీ 11 లాంటి దేశవాళీ రకానికి ఆ అవసరం లేదు, బాగా ఎండబెట్టి, పుచ్చు పురుగు పట్టకుండా చూసుకుంటే మామూలు గోడౌన్ చాలు. రేటు కోసం ఆగే రైతులు, వ్యాపారులు వాటిని ఇళ్లల్లో నెట్టు కట్టుకుని (బస్తా మీద బస్తా పేర్చుకుని) ఉన్నారు. రెండోది రొయ్యల మేత. కొత్తపట్నం నుంచి సింగరాయకొండ దాకా చెరువులే, మేత డీలర్లకి లోడు దిగితే పెట్టుకునే చోటు చాలదు. మూడోది నేను అస్సలు ఊహించనిది, టెంట్ హౌస్ వాళ్లు. ఆషాఢం, మూఢం వచ్చాయంటే కుర్చీలు, గుండిగలు, స్టేజీ సామాను మొత్తం తిరిగొచ్చేస్తుంది, ఇంటి ముందు రోడ్డు మీద పెట్టుకుని కప్పుకుంటారు.

శనగల వ్యాపారి ఒకాయన గోడౌన్ చూడటానికి వచ్చాడు. లోపలికి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. "ఇన్నేళ్లు పొగాకు పెట్టారు గదమ్మా, నా శనగలకి ఆ వాసన పడితే ఎవరు కొంటారు?" అన్నాడు. నాకైతే ఏ వాసనా తెలియలేదు, ఆ వాసనలోనే పెరిగాను. ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. రెండు కిలోల శనగలు చిన్న గోనెసంచిలో కట్టి మూలన పెట్టాం. పది రోజుల తర్వాత వచ్చి, సంచి విప్పి, గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ ఇచ్చాడు. వచ్చింది, తడి పొగాకు కాడ వాసన, స్పష్టంగా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోడలకి సున్నం వేయిస్తే పోతుందనుకుని వేయించాం, పోలేదు. పూర్వం మా దగ్గర గ్రేడింగ్ చేసిన ఒక పెద్దమ్మ చూసి చెప్పింది, "గోడల్లో కాదమ్మాయ్, బండల సందుల్లో ఉంది" అని. స్క్రూడ్రైవర్‌తో ఒక సందు గీకింది. ముక్కుపొడి రంగులో మెత్తటి పొడి పైకి వచ్చింది. ఇరవై ఐదేళ్ల పొగాకు దుమ్ము నాపరాళ్ల సందుల్లో దిగి గట్టిపడిపోయింది. ఆమె, ఇంకో ఏడుగురు, తొమ్మిది రోజులు వరసగా కూర్చుని ప్రతి సందూ గీకారు, పన్నెండు బస్తాల పొడి వచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగేవి కాదు, ఒకామెకి తల తిరిగితే ఆ రోజు పని ఆపేశాం. తర్వాత సందుల్లో సిమెంటు పాలు పోసి, మళ్లీ రెండు కోట్ల సున్నం వేయించి, నెలన్నర రోజులు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఉంచాం. మళ్లీ సంచి పెట్టాం. ఈసారి ఆయన రెండుసార్లు వాసన చూసి తలూపాడు. పాత పొగాకు షెడ్డులో తిండి సరుకు పెట్టాలనుకునేవాళ్లు ముందు ఈ సంచి పరీక్ష చేసుకోండి, అడ్వాన్సు ఆ తర్వాతే తీసుకోండి.

కాగితాల పని గురించి త్వరగా చెప్పేస్తాను. మా స్థలం అడంగల్‌లో ఇంకా మెట్ట భూమి అనే ఉంది, నాన్న ఎప్పుడూ మార్పించలేదు. మీసేవలో అప్పట్లో ఉన్న నాలా (సాగు భూమిని వేరే అవసరాలకి మార్చే) దరఖాస్తు పెట్టి ఫీజు కట్టి మార్పించాం, ఒకే సర్వే నంబరులో బాబాయ్ వాటా కూడా ఉండటంతో సబ్ డివిజన్‌కి రెండు నెలలు ఎక్కువ పట్టింది. తిండి సరుకు నిల్వ చేస్తాం కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు తీసుకున్నాం. అద్దె ఒప్పందం సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మన రాష్ట్రంలో లీజు ఎంత కాలానికైనా రిజిస్ట్రేషన్ చేయించాలి, తెల్ల కాగితం మీద మూడేళ్లని రాసుకుంటే రేపు గొడవ వస్తే అది నిలవదు. 11 నెలలకి రాసుకుంటే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. మేత డీలరుతో మేమూ 11 నెలలకే రాసుకున్నాం.

లోపల మూడు భాగాలు చేశాం. 55 అడుగులు శనగలకి, 25 అడుగులు మేతకి, చివరి 20 అడుగులు టెంట్ హౌస్‌కి. రొయ్యల మేత ఘాటు చేప వాసన మీకు తెలిసిందే, పొగాకు వాసనతో అంత అవస్థ పడ్డాక మళ్లీ అది శనగలకి పట్టనిస్తానా, మధ్యలో రేకుల దాకా ఇటుక గోడ లేపి, మేతకి పడమర వైపు వేరే షట్టర్ పెట్టించాను. శనగల వైపు చెక్క ప్యాలెట్లు వేసి, గోడకి రెండున్నర అడుగులు ఎడంగా నెట్లు కట్టించాం. హమాలీ మేస్త్రికి మొదట్లో అది నచ్చలేదు, జాగా వృథా అన్నాడు. కానీ మనిషి చుట్టూ తిరిగి చూడలేకపోతే పురుగు పట్టినా, ఎలుక కొట్టినా తెలియదు. 2023 ఫిబ్రవరిలో మొదటి లోడు దిగింది.

ఆ డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు ముందు రోజు నుంచే మాకు కుండపోత. కరెంటు లేదు. టార్చి పట్టుకుని గోడౌన్‌కి వెళ్లాను. బయట గాలి హోరులో లోపలి చప్పుడు వినపడదు, అందుకని ఒక్కో నెట్టు మీద చేయి పెట్టి తడుముకుంటూ పోయాను. నాలుగో నెట్టు మీద చేయి తడిసింది. పైకి వెలుగు వేస్తే రేకుని బిగించే జే బోల్టు దగ్గర వాషరు ఎండి పగిలి, ఆ చిల్లు నుంచి చుక్క తర్వాత చుక్క, ఒకే చోట. రాత్రంతా పడుతూనే ఉన్నట్టుంది. నేను, మేస్త్రి, ఆయన కొడుకు కలిసి తెల్లవారేదాకా బస్తాలు జరిపాం. 23 బస్తాలు తడిసిపోయాయి.

బిల్డింగుకి ఇన్సూరెన్సు ఉంది. లోపల సరుకుకి లేదు. సరుకు శనగల వ్యాపారిది కాబట్టి ఆయన చేయించుకుంటాడని నేను, గోడౌన్ మాది కాబట్టి మేం చేయిస్తామని ఆయన అనుకున్నాం. ఒప్పందంలో ఆ మాటే లేదు. నాన్న ఒకటే చెప్పారు, "మన కప్పు కారింది, మనమే ఇవ్వాల." తడిసిన శనగలు దాణాకి పోగా మిగిలిన నష్టం 40,000 ఇచ్చాను. ఆ డబ్బు పోయినందుకు బాధ లేదు, కానీ వాషర్లు మొత్తం మార్పించడానికి ముందే పదో వంతు కూడా అయ్యేది కాదు, అది ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. ఇప్పుడు ప్రతి ఏడూ సెప్టెంబరులో మనిషిని రేకుల మీదకి ఎక్కించి ఒక్కో బోల్టూ చూపిస్తాను. సరుకుకి అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద కూడా కలిసేలా పాలసీ తీసుకున్నాను, ప్రీమియం ఎవరు కట్టాలో కాగితం మీద రాసుకున్నాం.

చివరి చిక్కు జీఎస్టీతో వచ్చింది. మా మొత్తం అద్దె ఏడాదికి 20 లక్షల లోపే కాబట్టి మాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నిశ్చింతగా ఉన్నాం. 2024 అక్టోబరు 10 నుంచి రూలు మారింది, జీఎస్టీ లేని యజమాని దగ్గర వ్యాపార స్థలం అద్దెకు తీసుకుంటే రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారే 18 శాతం కట్టాలి. పెద్ద బస్తాల్లో అమ్మే శనగలకి జీఎస్టీ లేదు కాబట్టి కట్టినది శనగల వ్యాపారికి తిరిగి రాదు. "ఇట్టయితే నేను ఖాళీ చేస్తానమ్మా" అన్నాడు. మా ఆడిటర్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన చెప్పిందేమంటే, వ్యవసాయ ఉత్పత్తిని నిల్వ చేసిపెట్టే సేవకి జీఎస్టీ మినహాయింపు ఉంది, గింజ శనగలు అందులోకి వస్తాయి, పప్పు చేస్తే రావు. అంటే జాగా అద్దెకివ్వడం మానేసి, సరుకు మనం దించుకుని, రసీదిచ్చి, కాపలా కాసి, బస్తా లెక్కన తీసుకోవాలి. పేరు మార్చి రాసుకోవడం కాదు, నిజంగానే బాధ్యత మనది కావాలి. తుపాను రాత్రి తర్వాత ఆ మాటకి బరువేంటో నాకు తెలుసు, వారం ఆలోచించి ఒప్పుకున్నాను.

ఇప్పుడు 50 కిలోల బస్తాకి నెలకి 7 రూపాయలు. ఏప్రిల్‌లో 4,000 బస్తాల దాకా ఉంటాయి, అప్పుడు 28,000. సంక్రాంతికి ముందు మూడు నెలలు దాదాపు ఖాళీ, అది ముందే లెక్కలో వేసుకోవాలి. మేత వైపు నుంచి నెలకి 12,000, టెంట్ హౌస్ నుంచి 6,000 ఏడాది పొడవునా వస్తాయి. కంపెనీ ఉన్నప్పుడు మొత్తానికి 30,000 వచ్చేది. బస్తా లెక్కకి మారాక చిన్న రైతులు కూడా ముప్పై, నలభై బస్తాలు తెచ్చి పెట్టుకుంటున్నారు, అది నాకు చాలా సంతోషం. వాళ్లకి నా రసీదు మీద బ్యాంకు అప్పు రావాలంటే గోడౌన్ డబ్ల్యూడీఆర్ఏలో (గోడౌన్లని నియంత్రించే కేంద్ర సంస్థలో) రిజిస్టర్ అయి ఉండాలి, అప్పుడు ఎలక్ట్రానిక్ రసీదు ఇవ్వొచ్చు, దాన్ని తాకట్టు పెట్టుకుని రేటు వచ్చేదాకా రైతు ఆగొచ్చు. దానికి తూకం యంత్రం, తేమ చూసే మీటరు కొన్నాను, దరఖాస్తు కాగితాలు సగం సిద్ధమయ్యాయి.

ఈ సోమవారం పురుగు మందు పెట్టే లైసెన్సు మనిషి వస్తున్నాడు. ఫాస్ఫీన్ బిళ్లలు పెట్టి నెట్లన్నిటికీ పట్టాలు కప్పి అంచుల మీద ఇసుక సంచులు పెడతారు, వారం రోజులు శనగల వైపు ఎవరూ అడుగుపెట్టకూడదు. సరుకు కావాల్సినవాళ్లు శనివారం లోపు తీసుకెళ్లమని అందరికీ ఫోన్లు చేశాను, ఇంకో ఇద్దరికి చేయాలి.