ఒకే ఒక్క ఆట, ఇరవై కార్డులు

బేస్‌బాల్ కార్డులు సేకరించేవారిలో ఎక్కువమంది ఒక జట్టునో, ఒక ఆటగాడినో, ఒక సంవత్సరపు పూర్తి సెట్టునో ఎంచుకుంటారు. నేను ఒక ఆటను ఎంచుకున్నాను. 1956 అక్టోబరు 8న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో, 64,519 మంది ప్రేక్షకుల ఎదుట జరిగిన వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ సీజన్ చివర విజేతను తేల్చే పోటీ) ఐదో ఆట అది. ఆ మధ్యాహ్నం న్యూయార్క్ యాంకీస్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) డాన్ లార్సెన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ బ్యాటర్లను వచ్చినవారిని వచ్చినట్టే వెనక్కి పంపాడు. 27 సార్లు బ్యాటర్ వచ్చాడు, 27 సార్లూ ఔటయ్యాడు. ఒక్కరు కూడా మొదటి బేస్‌కు (బంతిని కొట్టిన బ్యాటర్ మొదట పరుగెత్తి చేరవలసిన చోటు) చేరలేదు. దీన్నే పర్‌ఫెక్ట్ గేమ్ అంటారు. క్రికెట్ తెలిసినవారికి చెప్పాలంటే, వైడ్లు, బైలతో సహా ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ప్రత్యర్థి జట్టునంతా ఔట్ చేయడం లాంటిది. వరల్డ్ సిరీస్ చరిత్రలో అంతకుముందు అది జరగలేదు, ఆ తరువాతా జరగలేదు. 2022లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్లు నలుగురు కలిసి ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా ఒక వరల్డ్ సిరీస్ ఆట ముగించారు గాని, అందులో ముగ్గురు బ్యాటర్లు వాక్‌ల మీద (నాలుగు తప్పు బంతులు పడితే ఉచితంగా దక్కే బేస్) బేస్ చేరారు.

ఆ ఘనత సాధించినవాడు పెద్ద పేరున్న పిచర్ కాడు. రెండేళ్ల ముందు, 1954లో, బాల్టిమోర్ తరఫున లార్సెన్ మూడు ఆటలు గెలిచి 21 ఓడిపోయాడు. 1956 వరల్డ్ సిరీస్ రెండో ఆటలోనే అతనిని రెండో ఇన్నింగ్స్ (బేస్‌బాల్ ఆటలోని తొమ్మిది భాగాలలో రెండోది) పూర్తికాకముందే తప్పించవలసి వచ్చింది. అయినా ఐదో ఆటకు మేనేజర్ కేసీ స్టెంగెల్ మళ్లీ అతనికే బంతి అప్పగించాడు. 97 బంతులతో పని ముగిసింది. యాంకీస్ 2-0తో గెలిచింది.

ఆ రోజు మైదానంలోకి దిగినవారు మొత్తం 19 మంది మాత్రమే: యాంకీస్ నుంచి తొమ్మిది మంది, డాడ్జర్స్ నుంచి పదిమంది. యాంకీస్ జట్టు ఒక్క మార్పు కూడా చేయలేదు. డాడ్జర్స్ చివరి బ్యాటర్‌ను మాత్రమే మార్చింది. సేకరణకు ఇంత ఇముడుగా, ఇంత సంపూర్ణంగా ఉండే ఆట మరొకటి దొరకడం కష్టం. పైగా ఈ 19 మందిలో 18 మంది టాప్స్ కంపెనీ 1956లో వేసిన కార్డుల సెట్టులోనే ఉన్నారు.

340 కార్డుల ఆ సెట్టు నా దృష్టిలో టాప్స్ తీసుకువచ్చిన అందమైన సెట్లలో ఒకటి. టాప్స్ అప్పట్లో బ్రూక్లిన్‌లోని చూయింగ్ గమ్ కంపెనీ. పిల్లలు గమ్ కొంటే కార్డులు వచ్చేవి. ప్రతి కార్డూ అడ్డంగా ఉంటుంది. ఒక పక్క ఆటగాడి ముఖం పెద్దదిగా, దాని వెనుక ఆటలోని ఒక ఘట్టం, మీద అతని సంతకపు ముద్ర ఉంటాయి. వెనుక వైపు గణాంకాలు, మూడు చిన్న కార్టూన్ బొమ్మలు ఉంటాయి. 1 నుంచి 180 వరకు ఉన్న నంబర్లు బూడిదరంగు అట్ట మీద కొన్ని, తెల్లని అట్ట మీద కొన్ని వచ్చాయి కనుక కొనేముందు కార్డును తిప్పి చూడాలి. కొలత కూడా గమనించవలసినదే: అవి 2⅝ అంగుళాలకు 3¾ అంగుళాలు. మరుసటి ఏడాది నుంచి కార్డులు చిన్నవయ్యాయి కాబట్టి, నేటి మామూలు ప్లాస్టిక్ కవర్లలోకి 1956 కార్డును బలవంతంగా దూర్చితే మూలలు నలుగుతాయి. పెద్ద కొలత కవర్లు విడిగా అడిగి తీసుకోవాలి.

ఈ కార్డులలో నన్ను కట్టిపడేసే విషయం ఒకటుంది. ఇవన్నీ అక్టోబరుకు ముందే అచ్చయినవి. లార్సెన్ కార్డు 332వ నంబరుది, సెట్టు చివరలో వస్తుంది. అది అంతకుముందు ఏడాది యాంకీస్‌కు తొమ్మిది ఆటలు గెలిచి రెండు ఓడిన ఒక సాధారణ పిచర్ కార్డు. ఆ ఏడాది గమ్ కొని దాన్ని చేతిలోకి తీసుకున్న పిల్లవాడికి అతను ఎవరు కాబోతున్నాడో తెలియదు. ఆ మాటకొస్తే లార్సెన్‌కూ తెలియదు. ఘనత జరిగిన తరువాత దాన్ని కీర్తిస్తూ వేసిన కార్డులు కూడా ఉన్నాయి. 1961 టాప్స్ సెట్టులో ‘బేస్‌బాల్ థ్రిల్స్’ పేరుతో వచ్చిన పది కార్డులలో 402వ నంబరు పూర్తిగా ఈ ఆట గురించినదే. అది నా దగ్గరా ఉంది. కానీ 1956 కార్డు ముందు అది నాకు వార్తాపత్రిక కత్తిరింపులాగే కనిపిస్తుంది.

నా ఆల్బమ్‌లో కార్డులు నంబర్ల వరుసలో ఉండవు, ఆట నడిచిన వరుసలో ఉంటాయి. రెండో ఇన్నింగ్స్‌లో జాకీ రాబిన్సన్ గట్టిగా కొట్టిన బంతి థర్డ్ బేస్‌మన్ (మూడో బేస్ దగ్గరి ఫీల్డర్) ఆండీ కేరీ గ్లవ్‌కు తగిలి పక్కకు మళ్లింది. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గిల్ మెక్‌డూగాల్డ్ దాన్ని అందుకుని మొదటి బేస్ వద్దనున్న జో కాలిన్స్‌కు విసిరాడు. రాబిన్సన్ అడుగు తేడాలో ఔటయ్యాడు. అందుకే ఆ నలుగురి కార్డులు ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. వీటిలో రాబిన్సన్‌ది 30వ నంబరు, ఖరీదైనది. ఆ డిసెంబరులో డాడ్జర్స్ అతనిని న్యూయార్క్ జెయింట్స్‌కు బదిలీ చేయగా, అక్కడికి వెళ్లకుండా ఆట నుంచే తప్పుకున్నాడు. కేరీ, మెక్‌డూగాల్డ్, కాలిన్స్ కార్డులు మామూలు స్థితిలో ఉన్నవైతే సులువుగానే దొరుకుతాయి. అయితే ఆ ముగ్గురూ లేకపోతే పర్‌ఫెక్ట్ గేమ్ రెండో ఇన్నింగ్స్‌లోనే ముగిసిపోయేది.

తరువాతి పేజీ మిక్కీ మాంటిల్‌ది. 135వ నంబరు కార్డులో మాంటిల్ ప్రేక్షకుల పక్కనున్న గోడ దగ్గర ఎగిరి బంతిని అందుకుంటున్నట్టు బొమ్మ ఉంటుంది. ఐదో ఇన్నింగ్స్‌లో గిల్ హాడ్జెస్ ఎడమ-మధ్య మైదానంలోకి లోతుగా కొట్టిన బంతిని మాంటిల్ పరుగెత్తుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. ఆ క్యాచ్‌కు ఇంతకంటే తగిన బొమ్మ ఎవరూ వేయలేరు. అంతకుముందు నాలుగో ఇన్నింగ్స్‌లో తొలి పరుగు తెచ్చిన హోమ్ రన్ (బంతిని మైదానం అవతలికి కొట్టడం) కూడా అతనిదే. ఆ సంవత్సరం మాంటిల్ 52 హోమ్ రన్లు కొట్టి ట్రిపుల్ క్రౌన్ (బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, జట్టుకు తెచ్చిన పరుగులు మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం) సాధించాడు. కాబట్టి ఈ సేకరణకు పెట్టే డబ్బులో పెద్ద వాటా ఈ ఒక్క కార్డుకే పోతుంది. మంచి గ్రేడు (కార్డు స్థితికి ఇచ్చే మార్కు) కోసం ఆగనక్కరలేదని నా అభిప్రాయం. మధ్యలో మడత ఉన్నా, మూలలు గుండ్రంగా అరిగినా, కార్డు అసలైనదై ఉండి, అంచులు కత్తిరించనిదైతే చాలు. కత్తిరించిన కార్డు మాత్రం ఎంత శుభ్రంగా కనిపించినా వద్దు. కొలబద్ద పెట్టి చూస్తే అది దొరికిపోతుంది. అలాగే భూతద్దం కింద పెట్టి అచ్చు చుక్కల తీరును, తప్పకుండా అసలుదని తెలిసిన మరో 1956 కార్డుతో పోల్చి చూడాలి. ఖరీదైనవాటి విషయంలో పీఎస్‌ఏ, ఎస్‌జీసీ వంటి సంస్థలు పరీక్షించి సీలు వేసినవి తీసుకోవడమే క్షేమం.

కొన్ని కార్డులలో ఆటగాడు వేరే జట్టు దుస్తులలో కనిపిస్తాడు. యాంకీస్ లెఫ్ట్ ఫీల్డర్ ఈనోస్ స్లాటర్ కార్డులో కాన్సస్ సిటీ ఆటగాడు. ఆగస్టు నెలాఖరులో గాని యాంకీస్‌కు తిరిగి రాలేదు. చివరి బ్యాటర్ డేల్ మిచెల్ కార్డులో క్లీవ్‌లాండ్ ఆటగాడు. తన మొత్తం మేజర్ లీగ్ జీవితంలో 119 సార్లు మాత్రమే స్ట్రైక్ ఔట్ (కొట్టవలసిన మంచి బంతులను మూడుసార్లు తప్పడం లేదా వదిలేయడంతో ఔట్) అయిన మనిషి, ఆ రోజు చివరి బంతిని వదిలేసి మూడో స్ట్రైక్‌తో వెనుదిరిగాడు. ఆ బంతి స్ట్రైక్ కాదనే ఆ తరువాత కూడా చెప్పేవాడు.

19వ ఆటగాడు డాడ్జర్స్ పిచర్ సాల్ మాగ్లీ. ఆ రోజు ఐదు హిట్లే ఇచ్చి ఓడిపోయిన ఈ మనిషికి 1956 టాప్స్‌లో కార్డు లేదు. అతని కోసం టాప్స్‌కు పోటీ కంపెనీ అయిన బౌమన్ 1955లో వేసిన సెట్టుకు వెళ్లాలి. ఆటగాడి బొమ్మను చెక్క టెలివిజన్ చట్రంలో పెట్టి చూపించే ఆ సెట్టు బౌమన్ ఆఖరిది. మరుసటి ఏడాది ఆ కంపెనీని టాప్స్ కొనేసింది. ఆ బౌమన్ సెట్టులో మరో విశేషం ఉంది: అంపైర్లకు కూడా కార్డులు వేశారు. మిచెల్‌కు మూడో స్ట్రైక్ చెప్పిన బేబ్ పినెల్లీ కార్డు అక్కడ 307వ నంబరు. ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనుక నిలబడి పినెల్లీ తీర్పు చెప్పిన చివరి ఆట కూడా ఇదే. ఒక అంపైర్ కోసం డబ్బు పెట్టడం చాలామంది సేకర్తలకు వింతగా ఉంటుంది గాని, ఆ ఆటలో లార్సెన్ విసిరిన ప్రతి బంతినీ క్యాచర్ యోగీ బెర్రా భుజం మీదుగా చూసిన మనిషి అతనొక్కడే.

లార్సెన్ 2020 జనవరి 1న మరణించాడు. ఆ ఆటలో తొడిగిన దుస్తులను 2012లో వేలం వేయగా 7,56,000 డాలర్లు వచ్చాయి. మనవళ్ల చదువు కోసమే అమ్ముతున్నానని చెప్పాడు. అటువంటివి నా వంటివారికి అందేవి కావు. సంతకాలు మాత్రం దశాబ్దాల పాటు ఓపికగా చేశాడు కనుక, లార్సెన్, బెర్రా ఇద్దరూ సంతకం చేసిన వస్తువులు ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. నేను వెతుకుతున్నది అది కాదు. పినెల్లీ కార్డు నాకు ఇంకా దొరకవలసి ఉంది. 1955 బౌమన్ గోధుమరంగు అంచులు కాస్త తగిలినా తెల్లగా పెచ్చులు లేస్తాయి కాబట్టి, నా చేతికందే ధరలో వస్తున్నవన్నీ అరిగిపోయినవే. అంచులు ఎలా ఉన్నా ముఖం స్పష్టంగా కనిపించేది ఒకటి వస్తే తీసుకుంటాను.